పౌల్ లా కూర్ చరిత్రము: గాలితో దీపములు వెలిగించిన ఉపాధ్యాయుడు

ఐరోపా ఖండమున ఉత్తరపు దిక్కున, సముద్రములోనికి చొచ్చుకొని వచ్చిన చిన్న దేశము డెన్మార్కు. ఆ పేరు మన మిషను పాఠశాలల వారికి క్రొత్తది కాదు. 1706వ సంవత్సరమున తరంగంబాడి చేరిన సీగన్‌బల్గును, ప్లూట్షౌను పంపినవాడు డెన్మార్కు రాజగు నాలుగవ ఫ్రెడరిక్. అయితే మేమిప్పుడు చెప్పబోవునది బోధకుని చరిత్రము గాదు, రాజు చరిత్రమును గాదు. ఆ దేశమున ఒక పల్లెటూరి పాఠశాలలో ముప్పది సంవత్సరములు గణితమును, పదార్థవిజ్ఞానమును బోధించి, ఆ పాఠశాల ఆవరణమునందే లోకమునకు పనికివచ్చిన పని యొకటి చేసి కన్నుమూసిన ఉపాధ్యాయుని చరిత్రము.

పౌల్ లా కూర్ 1846వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన జట్లాండు ద్వీపకల్పమున ఎబెల్టోఫ్ట్ పట్టణమునకు సమీపమున ఒక వ్యవసాయ కుటుంబమున జన్మించెను. ఆ దేశమున ఎత్తైన కొండలు లేవు. కనుక పైనుండి దుమికెడు జలపాతములును లేవు. యంత్రములను నడుపుటకు బొగ్గు కావలెనన్నచో ఓడలమీద పరదేశమునుండి రావలెను. గాలికి మాత్రము ఏనాడును కొఱత లేదు. సముద్రముమీదినుండి వచ్చు గాలి ఆ చదునైన పొలములమీదుగా అడ్డులేక వీచుచుండును. కాబట్టి ఊరూర గాలిమరలు నిలిచి, నాలుగేసి పెద్ద రెక్కలు త్రిప్పుచు, రైతుల గింజలను పిండిచేయుచుండెను. మన పల్లెలలో పిల్లలు ఏతమును, గానుగను చూచుచు పెరిగినట్లే ఆ దేశపు పిల్లలు గాలిమరలను చూచుచు పెరిగిరి.

బాల్యమున ఈయనకు గణితము సులువుగాను, భాషలు కష్టముగాను ఉండెను. మొదట సంఘకాపరి కావలెనను తలంపుండినను, తుదకు తన యన్న హితవు చొప్పున వాతావరణ శాస్త్రమువైపు తిరిగెను. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయమున చదివి 1869లో పట్టము పొందెను. 1872లో డెన్మార్కు ప్రభుత్వము వాతావరణ పరిశీలనాలయమును స్థాపింపగా, ఇరువదియారేండ్ల యీ యువకుడు దానికి ఉపాధ్యక్షుడయ్యెను. రాజధానిలో ఉద్యోగము, ప్రభుత్వపు జీతము, పండితుల సాంగత్యము అన్నియు ఆ వయస్సుననే లభించినవి.

ఆ ఉద్యోగమున నుండగానే ఆయన బుద్ధి తంతివార్తలవైపు పోయెను. ఆ కాలమున ఒక తంతితీగపై ఒకేసారి అనేక వార్తలు పంపుట ఎట్లని లోకమందలి యంత్రజ్ఞులందరు తలలు పగులగొట్టుకొనుచుండిరి. లా కూర్ శ్రుతిదండములను చేపట్టెను. మన పాఠశాల ప్రయోగశాలలో రబ్బరుదిమ్మపై కొట్టి చెవికడ పట్టుకొని విను రెండుకొమ్మల ఉక్కుకడ్డీయే శ్రుతిదండము. ఒక్కొక్క దండమునకు దాని శ్రుతి దానిది. తన శ్రుతికి సరిపడు కదలిక తగిలిన గాని అది మ్రోగదు. కాబట్టి ఒకే తీగమీద వేర్వేరు శ్రుతుల విద్యుత్కంపనములను పంపినచో అవతలి కొనయందు ఏ దండమునకు చెందిన వార్త ఆ దండమే అందుకొనును. ఈ ఉపాయముపైననే అమెరికాలో ఎలీషా గ్రే, గ్రాహం బెల్ మొదలగువారును పనిచేయుచుండిరి. తరువాత 1875లో లా కూర్ ఒక విచిత్రమైన చక్రమును కల్పించెను. ఇనుప పండ్లు గల చక్రమునొకదానిని విద్యుదయస్కాంతము చెంత నిలిపి, ఆ అయస్కాంతమునకు శ్రుతిదండపు కంపనముల ప్రకారము విద్యుత్తు నిచ్చినచో, చక్రము ఆ శ్రుతిని తప్పక ఒకే వేగమున తిరుగును. దూరదూరముననున్న రెండు యంత్రములు అడుగులో అడుగు కలిపి నడుచుటకు ఈ నాదచక్రము మిక్కిలి ఉపకరించెను. దీనివలన ఆయన పేరు పరదేశములకు ప్రాకెను. కొందరు ఆయనను డెన్మార్కు ఎడిసన్ అని కూడ పిలిచిరి.

ఇట్టి సమయమున, 1878లో, ఆయన రాజధానిని విడిచి ఆస్కోవ్ అను పల్లెకు ఉపాధ్యాయుడుగా పోయెను.

ఈ మార్పును గ్రహించుటకు ఆ దేశపు చరిత్ర కొంచెము తెలియవలెను. 1864వ సంవత్సరమున ప్రష్యాతోను, ఆస్ట్రియాతోను జరిగిన యుద్ధమున డెన్మార్కు ఓడి, దక్షిణమున విశాలమైన భూభాగమును పోగొట్టుకొనెను. ఆ భూభాగమున రొడ్డింగ్ అను ఊర రైతుబిడ్డలకై 1844లో స్థాపించిన పాఠశాల యొకటి యుండెను. గ్రుంట్విగ్ అను పేరుగల సంఘకాపరి, కవి, చాలకాలముగా బోధించిన తలంపునుబట్టి పుట్టిన మొదటి పాఠశాల యది. ఊరు పరుల పాలు కాగా, 1865లో ఆ పాఠశాలవారు క్రొత్త సరిహద్దునకు ఇవతలనున్న ఆస్కోవ్‌నకు తరలి వచ్చి, లుడ్విగ్ ష్రోడర్ అధ్యక్షతను మరల పని మొదలుపెట్టిరి. బయట పోయినదానిని లోపల సంపాదించుకొనవలెననునది ఆ తరమువారి పట్టుదల. భూమి పోయినది, ఉన్న భూమిని, ఉన్న మనుష్యులను బాగుచేసికొనవలెను.

ఆ పాఠశాలలలో చేరువారు చిన్నపిల్లలు గారు. పదునెనిమిదేండ్లు దాటి, పొలమున పనిచేయుచున్న యువతీయువకులు. పంట పనులు లేని నెలలలో వచ్చి అచ్చటనే వసించి చదువుకొనుచుండిరి. చరిత్రము, పాటలు, స్వభాష, గణితము, ప్రకృతిశాస్త్రము బోధించుచుండిరి. పరీక్షలు లేవు, పట్టములు లేవు. ఈ మాట చదివి మా తరగతి బాలురు కొందరు ఆ దేశమునకు వెంటనే పోవలెనని కోరుకొందురేమో! అయితే పరీక్ష లేకున్నను చదువుకొనుటకే వచ్చినవారు వారు. ఈ భేదమును మరువరాదు. తమ బిడ్డ ఎన్ని మార్కులు తెచ్చుకొనెనను ప్రశ్న తప్ప ఏమి తెలిసికొనెనను ప్రశ్న నడుగని తలిదండ్రులు మన చుట్టునున్నంతకాలము అట్టి పాఠశాల ఇచ్చట నిలుచునా యని మాకు సందేహమే.

లా కూర్ బోధించు పద్ధతి వేరు. గణితమున ఒక సూత్రమును పలకమీద వ్రాసి కంఠస్థము చేయించుట ఆయనకు గిట్టదు. ఆ సూత్రమును మొదట కనిపెట్టినవాడెవడు, అతని కాలమున ఏ చిక్కు వచ్చెను, అతడు ఎటు తడవుకొని ఎటు దారి కనుగొనెను అని కథవలె చెప్పుచు, శిష్యులను ఆ దారినే నడిపించుచుండెను. ఈ విధముగనే గణితమును చారిత్రకముగా బోధించు గ్రంథమునొకటి వ్రాసెను. పదార్థవిజ్ఞానమును అట్లే చెప్పు గ్రంథమును తన సహోపాధ్యాయుడగు యాకబ్ అపెల్‌తో కలిసి 1896, 1897 సంవత్సరములలో ప్రకటించెను. ఆ అపెల్ తరువాత ఆ దేశమునకు విద్యామంత్రి యయ్యెను. శిక్షణ కళాశాలలో బోధనా పద్ధతులను నేర్చుకొన్న మావంటివారు ఈ పద్ధతి కాలమును చాల మ్రింగునని చెప్పవచ్చును. మ్రింగును, నిజమే. అయితే ఆస్కోవ్‌లో చదివిన రైతుబిడ్డలు ఇండ్లకు పోయి, ఏ యంత్రము చెడినను భయపడక విప్పి చూచుటకు సాహసించిరన్నచో, ఆ ధైర్యము ఈ పాఠములలో పుట్టినదని మేము తలంతుము.

ఇక గాలి సంగతికి వత్తము. 1882లో న్యూయార్కు నగరమున ఎడిసన్ విద్యుద్దీపముల కేంద్రమును నెలకొల్పిన పిమ్మట పట్టణములన్నియు వెలుగుదారి పట్టినవి. పట్టణములకు బొగ్గు వచ్చును, ఆవిరియంత్రములు వచ్చును, ఒక వీథిలోనే వేలాది ఇండ్లుండును గనుక తీగ తక్కువ పట్టును. పల్లెకు ఇవేవియు లేవు. పల్లెలో సాయంకాలమగుసరికి చమురుదీపమే గతి. పనివారు, చదువుకొన్నవారు పట్టణములకు పోవుచుండగా పల్లెలు పాడగునని లా కూర్ చింతించెను. ఆయన లెక్క సులువైనది: పల్లెకు బొగ్గు లేదు, కాని గాలి యున్నది; గాలిని పల్లె కొననక్కరలేదు.

ఈ యూహ ఆయన ఒక్కనికే కలిగినది కాదు. 1887లో స్కాట్లండు దేశమున జేమ్స్ బ్లైత్ అను ఆచార్యుడు తన స్వగ్రామమగు మేరీకర్కులో, వేసవి బసయొక్క తోటలో, గుడ్డరెక్కల గాలియంత్రమునొకటి నిలిపి ఇంటిదీపములు వెలిగించెను. తనకు మిగిలిన విద్యుత్తుతో ఊరి వీథికి దీపములు పెట్టెదనని ఆయన అనగా, అది సైతాను పని యని ఊరివారు వలదనిరట! ఆ దినములలోనే అమెరికాలోని క్లీవ్‌లండులో చార్లెస్ బ్రష్ అను ధనికుడగు యంత్రజ్ఞుడు తన మేడ వెనుక బ్రహ్మాండమైన గాలిచక్రమును కట్టించుకొనెను. ఒకటి ఆచార్యుని తోటకు, ఒకటి ధనికుని మేడకు చాలినవి. ఊరికంతకు పనికివచ్చునట్లు చేయుట ఎట్లనునది ఆస్కోవ్ ఉపాధ్యాయుడు వేసికొన్న ప్రశ్న.

1891లో ప్రభుత్వము కొంత ధనసహాయము చేయగా, ఆస్కోవ్ పాఠశాల చెంత మొదటి ప్రయోగపు గాలిమర లేచెను. పిండిమరల నాలుగురెక్కల తీరుననే కట్టి, తిరుగలికి బదులు డైనమోను త్రిప్పునట్లు అమర్చిరి.

చెప్పుటకు ఇది ఎంతో సులభముగా తోచును. మన పాఠశాల బాలురలో చేతిపనియందు ఆసక్తి గలవారు పాత సైకిలు డైనమోకు డబ్బారేకు రెక్కలు బిగించి, వెదురుగడకు కట్టి, మేడమీద నిలిపి చూచుట కలదు. గాలి బాగుగా వీచినప్పుడు చిన్న బల్బు వెలుగును. అందరు కేరింతలు కొట్టుదురు. మరునిమిషమున గాలి తగ్గి బల్బు ఎఱ్ఱబడి ఆరిపోవును. గాలిదుమారము వచ్చెనా, రెక్కలు విరిగి రోడ్డున పడును, లేదా బల్బు మాడిపోవును. ఆ బాలురకు ఎదురైన చిక్కులే లా కూర్‌నకును ఎదురైనవి. ఆయన యంత్రము పెద్దది గనుక చిక్కులును పెద్దవి. గాలి ఎన్నడును ఒక్కతీరున వీచదు. దాని వేగము రెండింతలైనచో దానియందలి శక్తి రెండింతలు గాదు, ఎనిమిదింతలగును, మూడింతలైనచో ఇరువదియేడింతలు. డైనమోకో, సమమైన వేగము కావలెను. గింజలు విసరునప్పుడు తిరుగలి ఒకప్పుడు వడిగాను ఒకప్పుడు మెల్లగాను తిరిగినను పిండి పిండియే, దీపమట్లు గాదు.

దీనికి లా కూర్ కనిపెట్టిన ఉపాయము పల్లెటూరి వడ్రంగికిని, కమ్మరికిని తెలియగల సాధనములతోనే కూడియున్నది. గాలిమర ఇరుసునుండి డైనమోకు పోవు బెల్టును నేరుగా పోనీయక, నడుమ మరియొక ఇరుసుమీది చక్రములగుండ పోనిచ్చెను. ఆ నడిమి ఇరుసును గోడకు బిగింపలేదు. ఊగులాడు చట్రమున వ్రేలాడదీసి దానికొక బరువు కట్టెను. బెల్టు లాగుడు ఆ బరువునకు లోబడియున్నంతవరకు అన్నియు సక్రమముగా తిరుగును. గాలివిసురు హెచ్చి లాగుడు బరువును మించినంతనే చట్రము కదలును, బెల్టు వదులై జారును, మిగులుబలము డైనమోను చేరదు. విసురు తగ్గగానే బరువు చట్రమును మరల తన చోటికి దించును. కప్పీలు, తోలుబెల్టు, ఒక బరువు: ఇంతియే. దీనికి గ్రీకు మాటలతో క్రాటోస్టాట్ అని పేరు పెట్టెను. యంత్రశాస్త్రమున ఇంతకంటె గొప్పగా కనబడు కల్పనలెన్నియో కలవు గాని, చెడిపోయినప్పుడు ఊరివాడే బాగుచేసికొనగల కల్పనను మేము ఎక్కువగా గౌరవింతుము.

రెండవ చిక్కు గాలి లేని దినముల సంగతి. వీచినప్పుడు పట్టిన శక్తిని వీచనప్పటికి దాచవలెను. బ్యాటరీలు అప్పటికే యున్నవి గాని, అవి సీసముతో చేసినవి, మిక్కిలి వెల గలవి. అందుచేత లా కూర్ వేరుదారి త్రొక్కెను. మన పై తరగతుల విద్యార్థులు చూచియే యుందురు: గాజుపాత్రలో కొంచెము ఆమ్లము కలిపిన నీరు పోసి, రెండు కొనలనుండి విద్యుత్తును పంపినచో, ఒక పరీక్షనాళికలో ఉదజనియు, వేరొకదానిలో ప్రాణవాయువును బుడగలుగా చేరును, మొదటిది రెండవదానికి రెండింతలుండును. ఉదజనికి మండుచున్న పుల్లను చూపగా టప్పున పేలును, తరగతి నవ్వును. ఈ ప్రయోగమునే లా కూర్ పాఠశాలకంతకు సరిపోవు కొలతను చేసెను. గాలి వీచినంతసేపు డైనమో పంపు విద్యుత్తు నీటిని విడదీయుచుండును. వెలువడిన వాయువులను పెద్ద తొట్లలో నిలువచేసి, గొట్టములగుండ పాఠశాల గదులకు పంపుచుండిరి. ఉదజని మంట తనంత తాను వెలుగునిచ్చునది కాదు. దానికి వేడి మాత్రము అధికము. ఆ వేడిలో నిలిపిన చిన్న ఘనపదార్థము తెల్లగా కాగి గదిని వెలిగించును. 1895 మొదలు 1902 వరకు ఆస్కోవ్ పాఠశాలకు గాలివలన పుట్టిన ఈ వాయుదీపములే వెలుగునిచ్చినవి. బయట చలికాలపు రాత్రి, లోపల రైతుబిడ్డలు పుస్తకములు తెరచుకొని కూర్చున్నారు. ఆ వెలుగు నిన్నటి గాలి!

అయితే అపాయము లేకపోలేదు. ఉదజనిలో ప్రాణవాయువు కొంచెము కలిసినను అది పరీక్షనాళికలోవలె టప్పుమని ఊరకుండదు. పలుమారులు వాయువు పేలి, పాఠశాల కట్టడముల కిటికీ అద్దములు పగిలినవి. పగిలినప్పుడెల్ల లా కూర్ మరల వేయించెను. ఈ భాగమును చదువునప్పుడు మేము ఆయనను పూర్తిగా మెచ్చుకొనజాలము. ఎంత గొప్ప ప్రయోగమైనను, విద్యార్థులు వసించు కట్టడముల చెంత మొదటి పేలుడు తరువాత రెండవది జరుగరాదు. ఆయన తొందరపాటు గలవాడు గాడు. కాని నమ్మిన తలంపును సులభముగా విడువడు. ఆ వాయువులతో ఇంజనును నడుపవలెనని కూడ ప్రయత్నించెను గాని అది కొనసాగలేదు. నీటిని విడదీయుటయందును, మరల మండించుటయందును శక్తి చాల వ్యర్థమగును. తుదకు ఆయనయే దీనిని మానివేసి, 1902లో బ్యాటరీలకు మరలెను. ఏడేండ్లు లోకమునకు చూపి నిలిపినదానిని తానే ప్రక్కకు పెట్టుట పండితులకు తేలికైన పని కాదు. గాలి విద్యుత్తుతో ఉదజనిని చేసి నిలువచేయు పనిని నేడు అనేక దేశములవారు మరల చేపట్టియున్నారనునది వేరు సంగతి.

బ్యాటరీతో మరియొక చిన్న చిక్కు కలదు. గాలి సన్నగిలినప్పుడు బ్యాటరీలో దాచిన విద్యుత్తు వెనుకకు మరలి డైనమోలోనికి పారును. అప్పుడు డైనమోయే గాలిమరను త్రిప్పబూనును! రాత్రియంతయు కాపలా యుండి తీగ విప్పుటకు మనిషిని పెట్టుట ఎవరి తరము? గాలి తగ్గినంతనే తీగను తనంతట తాను విడదీసి, గాలి హెచ్చినంతనే కలుపు మీటను లా కూర్ అమర్చెను. ఇట్టి చిన్న పనిముట్టు లేకయే ఎన్నియో పెద్ద యంత్రములు మూలబడును.

ఈ నడుమ ఆయన గాలినే తరగతిగదిలోనికి తెచ్చెను. బయటి గాలి మన మాట వినదు. ఒకనాడు ఒక రెక్కను, మరునాడు వేరొక రెక్కను పరీక్షించినచో రెండు దినముల గాలియు ఒకటి కాదు, కనుక ఏది మేలో తేలదు. అందుచేత 1896, 1897 సంవత్సరములలో రేకుతో పెద్ద గొట్టము చేయించి, ఒక కొన పంకాతో గాలిని తోలి, రెండవ కొన చిన్న నమూనా రెక్కలను నిలిపి కొలతలు తీసెను. వాయుసొరంగమని నేడు విమానముల పరీక్షకు వాడు సాధనమునకు లోకమున మొదట పుట్టిన కొలదివానిలో ఇది యొకటి. విమానము ఇంకను పుట్టలేదు. ఆ కొలతలవలన తెలిసినదేమనగా, గాలి రెక్కను ముందునుండి నెట్టుటయే గాక వెనుకవైపున పీల్చి లాగును కూడ. మరియు, విద్యుత్తుకై తిప్పునప్పుడు అనేక రెక్కలు మెల్లగా తిరుగుటకంటె కొలది రెక్కలు వడిగా తిరుగుట మేలు. బావినీరు తోడుటకు అమెరికావారు వాడు, రేకులు దట్టముగా నిండిన గాలిచక్రము బలముగా కదలును గాని డైనమోకు చాలినంత వేగము నీయదు. సామాన్యులు రెక్కలు హెచ్చిన గాలి హెచ్చుగా చిక్కుననుకొందురు. లా కూర్ కొలతలు ఆ నమ్మకమును త్రోసివేసినవి. 1897లో ఆస్కోవ్‌లో కట్టిన రెండవ గాలిమర మొదటిదానికంటె చాల పెద్దది. తాను కనుగొన్నదంతయు ప్రయోగపు గాలిమర అను పేరుతో 1900లోను, 1903లోను సంపుటములుగా అచ్చువేయించి, చదువగలవారందరికి తెలియజేసెను.

1902 తరువాత ఆస్కోవ్ గాలిమర పాఠశాలకే గాక ఊరికిని విద్యుత్తు నిచ్చు కేంద్రమయ్యెను. గాలి లేని దినములకై బ్యాటరీలు, మరియు చమురు ఇంజనొకటి తోడుగా నుండెను. స్కాట్లండు పల్లె వలదన్న వెలుగును డెన్మార్కు పల్లెలు తమకు కావలెనని అడుగసాగినవి. 1903లో పల్లెలకు సలహా చెప్పి కేంద్రములను కట్టించుటకై డెన్మార్కు గాలివిద్యుత్ సంఘమును స్థాపించిరి. లా కూర్ దానికి ప్రాణము. 1904లో ఆస్కోవ్‌లో పల్లె విద్యుత్ పనివారలకై తరగతులు మొదలుపెట్టెను. ఆ తరగతులలో చేరినవారు పొలముల బిడ్డలు, చిన్న ఊళ్ల చేతిపనివారు. తీగ లాగుట, డైనమోను విప్పి బిగించుట, బ్యాటరీకి ఆమ్లము కొలిచి పోయుట, లెక్క వేయుట నేర్చుకొని తమ తమ ఊళ్లకు పోయిరి. గాలిమరలకంటె ఆయన లోకమునకిచ్చిన మేలు ఈ మనుష్యులే యని మేము తలంతుము. యంత్రమును కొనవచ్చును, దానిని ఎఱిగినవాడు ఊరలేనిచో అది తొలి చెడుపునకే పాతయినుమగును. ప్రభుత్వధనముతో తెచ్చి, నేర్చినవాడు లేక తుప్పుపట్టి పడియున్న నీటిపంపులను మన జిల్లాలలో చూడనివారెవరు?

1908వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన, అరువది రెండేండ్లు నిండిన పదకొండవ దినమున, లా కూర్ ఆస్కోవ్‌లోనే మరణించెను. రాజధానిలోని తన పాత ఉద్యోగమునకు ఆయన మరల పోలేదు. ఆయన మరణానంతరము మొదటి ప్రపంచయుద్ధము వచ్చి, బొగ్గును చమురును రాకపోగా, డెన్మార్కు పల్లెలు గాలిని గట్టిగా పట్టుకొనినవి. 1918 నాటికి ఆ చిన్న దేశమున సుమారు 120 పల్లె విద్యుత్కేంద్రములు గాలిమరలు కలిగియుండెను. ఒక్కొక్కటి 20 మొదలు 35 కిలోవాట్ల వరకు ఇచ్చునది. అన్నియు కలిసి దేశపు విద్యుత్తులో సుమారు నూటికి మూడు పాళ్లు.

అటుపిమ్మట గాలిమరలకు చెడుదినములు వచ్చినవి. పట్టణములలో పెద్ద ఆవిరికేంద్రములు పుట్టి, దూరమునకు పోగల ప్రత్యామ్నాయ విద్యుత్తును తీగలమీద పంపసాగినవి. చమురు చవుక యయ్యెను. లా కూర్ వాడినది ఏకదిశ విద్యుత్తు. అది ఊరుదాటి దూరము పోజాలదు. ఒక్కొక్క పల్లెయే తన గాలిమరను విప్పివేసి పెద్ద తీగకు తగిలించుకొనెను. లా కూర్ పని ముగిసిపోయినదని అప్పుడు ఎవరైన అనినచో కాదనుట కష్టము.

1904 నాటి ఆ తరగతిలో యోహన్నెస్ యూల్ అను బాలుడొకడుండెను. అప్పటికి వానికి పదునేడేండ్లు. ఆస్కోవ్‌లో గాలిపాఠము విని, విద్యుత్ పనివాడై, పెక్కేండ్లు వేరుపనులలో గడిపి, వృద్ధాప్యమునకు చేరువైనప్పుడు గురువుగారి పనిని మరల చేపట్టెను. ఈసారి ఏకదిశ విద్యుత్తు గాదు, ప్రత్యామ్నాయ విద్యుత్తునే గాలిచే పుట్టించి నేరుగా పెద్ద తీగలకు కలుపు ఉపాయమును సాధించెను. 1957లో గెడ్సర్ అను సముద్రతీరపు ఊర ఆయన నిలిపిన మూడురెక్కల యంత్రము 200 కిలోవాట్లు ఇచ్చునది. రెక్కల చుట్టు అడ్డుకొలత 24 మీటర్లు. అది 1967 వరకు పెద్ద మరమ్మతు లేక తిరిగెను. తరువాత చమురు చవుకయని దానినికూడ నిలిపివేసిరి.

1973లో చమురు వెల ఒక్కసారిగా పెరిగెను. ఆ పిమ్మట క్రిస్టియన్ రీసేగర్ అను వడ్రంగి డెన్మార్కులో తన యింటి పెరటియందే యూల్ యంత్రపు తీరును చూచి 22 కిలోవాట్ల చిన్న గాలియంత్రమును కట్టెను. అతడు విశ్వవిద్యాలయమున చదివినవాడు కాడు. పెద్ద కర్మాగారము గలవాడును కాడు. దొరికిన చవుక సామాను నెల్ల వాడెను. డైనమోకు బదులు మామూలు విద్యుత్ మోటారును తెచ్చి త్రిప్పి విద్యుత్తు తీసెను. వేగము పెంచు పండ్లచక్రములకును, బ్రేకునకును మోటారుకారు భాగములను ఏర్చి బిగించెను. ఆ యంత్రమును చూచి డెన్మార్కులో ఎందరో గృహస్థులు తమకును అట్టివి కావలెననిరి. అచ్చటనుండి ఒకరిని చూచి ఒకరు కట్టగా కట్టగా, 2023వ సంవత్సరమున ఆ దేశము వాడుకొన్న విద్యుత్తులో సగమునకు మించి గాలివలననే వచ్చెను. ఆస్కోవ్‌లో 1897 నాటి గాలిమర కట్టడము లా కూర్ పేరిట ప్రదర్శనశాలగా నిలిచియున్నది.